బ్యాడ్జికి మొక్కే బాబులకు

ఆఫీసులో కార్ల ప్రస్తావన వస్తే చాలు, ఎవడో ఒకడు "ఎంతైనా జర్మన్ ఇంజనీరింగ్ బాసూ" అంటాడు. ఇక వాదన లేదు, హారతి కళ్ళకద్దుకోవడమే తరువాయి. ఈ భక్తి అంతటికీ మూలవిరాట్టు వోక్స్‌వాగన్ బీటిల్. సరే, ఆ విరాట్టునే ఓసారి విప్పి చూద్దాం.

1934లో ఫెర్డినాండ్ పోర్షే చేతికొచ్చిన రిక్వైర్‌మెంట్స్ ఇవి: ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు పట్టాలి, గంటకి 100 కిలోమీటర్లు పోవాలి, ధర వెయ్యి మార్కుల లోపుండాలి. క్లయింటు హిట్లర్, కాబట్టి బేరాల్లేవు :) దానికోసం ఇంజను వెనక్కి పెట్టారు, నాలుగు సిలిండర్లని అటు రెండు ఇటు రెండు పడుకోబెట్టారు, గాలితోనే చల్లబరిచారు. రేడియేటరే లేకపోతే నీళ్ళు మరిగేదేముంది? యుద్ధం తర్వాత తొలి బళ్ళకి 1131 సీసీ, 25 హార్స్‌పవర్, అంతే. నాలుగు బోల్టులు విప్పితే ఇంజను కిందికి దిగొస్తుంది. 1961 దాకా పెట్రోలు గేజి కూడా లేదు, మన చేతక్‌లా రిజర్వు తిప్పుకోవడమే (కాకపోతే కాలితో). తర్వాతి మోడళ్ళలో అద్దం కడిగే నీళ్ళని స్టెప్నీలో గాలితో చిమ్మించారు. ఇదే పని మనవాడు చేస్తే జుగాడ్ అని నవ్వేవాళ్ళం.

లోపాలూ ఉన్నాయి. మలుపులో స్పీడెక్కువైతే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక తిరిగేది. అయినా పై ఆకారం చెడకుండా లోపల ఏళ్ళ తరబడి మరమ్మతులు చేసుకుంటూ పోయారు. 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లాలో ఆఖరి బండి బయటికొచ్చేసరికి లెక్క 2 కోట్ల 15 లక్షలు దాటింది. అన్నట్టు, 1945లో ఆ శిథిలాల ఫ్యాక్టరీని మళ్ళీ నడిపించింది ఐవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజరు. యుద్ధకాలంలో అక్కడ వెట్టిచాకిరీ చేసినవాళ్ళ ఊసు మన భక్తులెవరూ ఎత్తరు.

ఎవడైనా విప్పి బిగించుకోగలగడమే ఆ బండి గొప్పతనం. ఇప్పుడు మా ఛత్రినాకకి రండి. మా గల్లీలో ఒకాయన మోజుపడి సెకండ్‌హ్యాండ్ జర్మన్ కారు కొన్నాడు. వార్నింగ్ లైటు వెలిగింది. అంబాసిడర్ని నిద్రలో కూడా విప్పగల మెకానిక్కు బానెట్ ఎత్తి, నల్లటి ప్లాస్టిక్ మూత చూసి, "అన్నా, నా పానాతోని కాదు, దీనికి లాప్‌టాప్ కావాలె" అని దించేశాడు. ఆ తాళం వేసిందెవరనుకున్నారు? మన జాతివాళ్ళే, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లే. 2015లో బయటపడ్డ డీజిల్ మోసం ఇంకా ఘోరం. పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రం పొగ తగ్గించే కోడు కోటి పైచిలుకు కార్లలో పెట్టారు. జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకి 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. 'పైవాళ్ళు చెప్పారు, రాశాం' అనే మాట మన క్యూబికల్స్‌లోనూ రోజూ వినేదే కదా.

ఇక బ్యాడ్జి సంగతి. హిట్లర్ కాలంలో వారానికి 5 మార్కుల స్టాంపులు అంటించి, ఈ కారు కోసం కూడబెట్టిన జర్మన్లు 3 లక్షల 30 వేల పైచిలుకు. ఒక్కడికీ బండి రాలేదు. వాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడి, 1961లో కొత్త బీటిల్ మీద 600 మార్కుల దాకా తగ్గింపు సాధించుకున్నారు.

బండి చూడకుండా డబ్బు కట్టడంలో మనమూ తక్కువ తినలేదు. విశాఖకి వోక్స్‌వాగన్ వస్తోందని ఊదరగొట్టి, 2005లో మన రాష్ట్ర ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే కంపెనీకి 11 కోట్ల పైచిలుకు కట్టేసింది. దాంతో మాకే సంబంధమూ లేదు పొమ్మంది వోక్స్‌వాగన్. ఆ గ్రూపులోని స్కోడా ఉన్నతాధికారి హెల్ముట్ షుస్టర్ ఉద్యోగం అదే ఏడాది ఊడింది. ఎస్సెమ్మెస్ జోకులు చాలా పేలాయి, నేనూ ఫార్వర్డ్ చేశాను. జర్మన్ పేరు వినగానే చేతులు జోడించకుండా, డబ్బు పంపే ముందు వోల్ఫ్స్‌బర్గ్ హెడ్డాఫీసు నుంచి సంతకమున్న కాగితం ఒక్కటి తెప్పించుకోవాలని ఎవరికీ తట్టకపోవడమే నాకిప్పటికీ మింగుడుపడదు. కేసు సీబీఐకి పోయింది. ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కి పోయి 2009లో తెరుచుకుంది.