పార్టు దొరకదండీ!

మన భాషలో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. అది తిట్టు కాదు, శాపనార్థమూ కాదు. ఎంతో మర్యాదగా, చివర 'అండీ' కూడా తగిలించి చెప్పే మాట: "దొరకదండీ!" చీర రంగుకి సరిపోయే జాకెట్టు గుడ్డ దొరకదంటే సరే అనుకుంటాను. మార్గశిరంలో మామిడిపండు దొరకదన్నా ఒప్పుకుంటాను. కానీ మనుషులు గీసిన బొమ్మ ప్రకారం, మనుషులే మిషన్ల మీద వేలకి వేలు తయారుచేసిన వస్తువు దొరకదంటే మాత్రం ఒప్పుకోను. అక్కడ దొరకదు అంటే, చెయ్యడం మానేశామనీ, చేసింది దాచి ఉంచలేదనీ, వెతికిపెట్టే ఓపిక మాకు లేదనీ అర్థం. ఈ మూడింటినీ ఒక్క మాటలో చుట్టి, వానలు పడలేదన్నంత సహజంగా మన చేతిలో పెడతారు.

ఇంతకీ నాకు కావలసి వచ్చినవి ప్రీమియర్ పద్మిని కారుకి హెడ్ గాస్కెట్టూ, పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రమ్మూ. "నవలలు రాసుకునే ఆవిడకి ఇదేం పోయేకాలమమ్మా" అని మీరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. నేను చదివింది బి.ఏ. ఇంజను గురించి నాకు తెలిసిందల్లా అది ఆగిపోయాక తెలుసుకున్నదే. ప్రెషర్ కుక్కర్ కి గాస్కెట్టు ఎందుకో మీకు తెలుసు కదా, ఆవిరి పక్కల నుంచి పోకుండా. ఇంజన్లో హెడ్ గాస్కెట్టు పనీ ఇంచుమించు అదే, కాకపోతే అక్కడ ఉడికేది పప్పు కాదు, మండేది పెట్రోలు. అది పోయిందంటే నీళ్లు వెళ్లి నూనెలో కలుస్తాయి, నూనె పాలు పోసిన కాఫీలా తయారవుతుంది. ముప్ఫయ్యేళ్ల నాటి కుక్కర్ కి విజయనగరంలో ఏ సందులోనైనా గాస్కెట్టు ఇస్తారు. కుక్కర్ కన్నా వంద రెట్లు ఖరీదు పోసి కొన్న కారుకి ఇవ్వరు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఈ కారు మా నాన్నగారు 1985లో కొన్నారు. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తేగానీ కారు రాదు. ఇప్పటికీ మా అమ్మ మోకాళ్లకి సరిపడే ఎత్తులో సీటున్న బండి అదొక్కటే. రథసప్తమికి అరసవల్లి వెళ్లాలన్నా, కళ్లు చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్లాలన్నా అందులోనే. కనుక దయచేసి "పాత జ్ఞాపకం, షెడ్డులో పెట్టి పూలదండ వెయ్యండి" అనకండి. అది మా ఇంట్లో పనిచేసే వస్తువు.

పేరు పద్మిని అయినా పుట్టిల్లు ఇటలీ. ట్యూరిన్ నగరంలో పుట్టిన ఫియట్ 1100, బొంబాయి కుర్లాకి అత్తవారింటికొచ్చింది. వాల్ చంద్ హీరాచంద్ గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి దీన్ని 'డిలైట్' అన్నారు, 1974లో 'పద్మిని' అని పేరు మార్చారు. పుట్టింటివాళ్లు 1960లలోనే ఆ మోడల్ కి నీళ్లొదిలేసినా, మనవాళ్లు కిందటి శతాబ్దం చివరిదాకా చేస్తూనే ఉన్నారు.

దీనికో అక్కగారు కూడా ఉంది, వినండి. 1947లో ట్యూరిన్ లోనే సిసిటాలియా అనే చిన్న కంపెనీ ఒక స్పోర్ట్స్ కారు చేసింది. ఒంటి సొంపు తీర్చిదిద్దింది పినిన్ ఫారినా. లోపల పెట్టింది ఫియట్ 1100 ఇంజను, 1,089 సి.సి. మా పద్మిని ఇంజనూ 1,089 సి.సి., ఆ వంశంలోదే. ఆ అక్కగారిని న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం వాళ్లు 1951లోనే ప్రదర్శనలో నిలబెట్టారు, తర్వాత తమ సొంతం చేసుకున్నారు. ఈ చెల్లెమ్మని మాత్రం మనం ఇనప సామాన్ల వాడికి తూకానికి వేసెయ్యమంటున్నాం!

అటువంటి ఇటలీ స్పోర్ట్స్ కార్లకి పార్టులెలా దొరుకుతున్నాయని కనుక్కున్నాను. ఫెరారీ వాళ్లకి మరనెల్లోలో పాత కార్ల కోసమే ఒక విభాగం ఉంది. ఇరవయ్యేళ్లు దాటిన తమ కార్లని బాగుచేసి, అసలైనదేనని కాగితం కూడా ఇస్తారు. పార్టు లేకపోతే పాత డ్రాయింగులు తీసి మళ్లీ చేస్తారు. చూశారా, అరవయ్యేళ్ల నాటి కారుకైనా "దొరకదు" అనే మాట అక్కడ లేదు. కాకపోతే బిల్లు చూస్తే మన గుండె ఆగుతుంది. అంటే డబ్బున్న వాడి కారుకి దొరుకుతుంది, మేస్టారి కారుకి దొరకదు. ఇందులో ఇనుము తప్పేమైనా ఉందా?

ఇక మన వైపు వేట సంగతి. విజయనగరంలో నాలుగు షాపులు, విశాఖపట్నంలో ఇంకో ఆరు తిరిగాను. ఒక షాపులో "సార్ ని పంపండి మేడమ్, మీకు తెలీదు" అన్నాడు కుర్రాడు. మావారికి హెడ్ గాస్కెట్టుకీ హెడ్ లైటుకీ తేడా తెలియదన్న ఇంటి రహస్యం వాడికెలా చెప్పను? ఇంకొకాయన పార్టు సంగతి వదిలేసి, బండి ఎంతకిస్తారని అడిగాడు. తుక్కు ధర చెప్పి, అదీ నా మీద జాలి కొద్దీ అన్నట్టు మొహం పెట్టాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా!

మా మేస్త్రిది శ్రీకాకుళం పక్క పల్లె. వాటర్ పంపు గాస్కెట్టు లాంటిదయితే అతను ఎవర్నీ దేబిరించడు. గాస్కెట్టు అట్ట తెచ్చి పంపు మూతి మీద పెట్టి, చిన్న సుత్తితో అంచుల వెంట తట్టి అచ్చు తీసి, కత్తెరతో కోసేస్తాడు. అయిదు నిమిషాల పని. హెడ్ గాస్కెట్టు అలా చేతితో కోసేది కాదు, ఆ వేడికీ ఒత్తిడికీ తట్టుకునేలా ఫ్యాక్టరీలో చేసింది రావలసిందే. "బండికేటయ్యిందని అమ్మగోరూ? జబ్బు నయమైపోద్ది. మందే దొరకట్నేదు" అన్నాడు. ఈ విషయం మీద నేను విన్న అన్ని ఉపన్యాసాల కన్నా ఆ మాట నయం.

మనం హౌరా, మద్రాసు రైలుమార్గం మధ్యలో ఉన్నాం కదా. ఒక కొసన కలకత్తాలో మల్లిక్ బజారు, ఇంకో కొసన చెన్నైలో పుదుపేట. రెండూ పాత కార్ల పార్టులకి పేరుపడ్డ చోట్లే. రెండు చోట్లకీ ఫోన్లు చేయించాను, ఫొటోలు పంపించాను. చివరికి గాస్కెట్టు చెన్నై నుంచి అయిదు వారాలకి వచ్చింది. డయాఫ్రమ్ములు విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సు పార్సిల్లో మూడొచ్చాయి. అందులో రెండు ఏళ్ల తరబడి అల్మారాలో ఉండి అప్పడంలా బిగుసుకుపోయాయి. దొరికినవి ఎవరి పుణ్యమని? తీసిన కంపెనీది కాదు, ప్రభుత్వానిదీ కాదు. ఎప్పటికైనా ఎవరికో కావాలని పాత సరుకు పారెయ్యకుండా ఉంచిన చిల్లర వర్తకుడి పుణ్యం. అతను కొట్టు మూసేస్తే ఆ తర్వాత?

ఆ డయాఫ్రమ్ ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. చెరకు రైతుకి మేలంటున్నారు, సంతోషమే. కానీ పాత రబ్బరుకి ఇథనాల్ పడదు. పెట్రోలు మార్చిన వాళ్లు, దాన్ని తట్టుకునే రబ్బరు ముక్క పాత బళ్లకి ఎవరు చెయ్యాలో ఒక్క మాట చెప్పారా? కోడలు వచ్చిందని ఇంటి తాళాలు మార్చి, అత్తగారికి తాళంచెవి ఇవ్వడం మర్చిపోయినట్టుంది.

"పొగ వస్తుంది, మీదపడితే కాపాడే ఏర్పాట్లేవీ ఉండవు, పాతవి పోవలసిందే" అంటారు మా బంధువుల్లో చదువుకున్నవాళ్లు. పొగ మాట నిజమే. కార్బొరేటర్ బండి కొత్తబండి కన్నా మైలుకి ఎక్కువ పొగ వదులుతుంది, కాదనను. కానీ ఆ పొగ పెరిగేది ఎప్పుడు? అరిగిన పిస్టన్ రింగులతో, సరిపడని డూప్లికేట్ పార్టులతో నడిపినప్పుడు. సరైన పార్టు అందనివ్వకుండా చేసి, పొగ వస్తోందని నేరం మోపడం ఏం పెద్దరికం? పైగా నెలకి నాలుగుసార్లు నడిచే మా బండిని తుక్కు చేసి, దాని బదులు కొత్త కారు చెయ్యడానికి ఎంత ఇనుము కరగాలి, ఎంత బొగ్గు మండాలి? ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

ఇక చట్టం తమాషా చూడండి. సొంత కారుకి పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. అదే కారు యాభయ్యేళ్లు దాటితే మాత్రం 2021లో వచ్చిన నియమాల ప్రకారం 'వింటేజ్' అనే గౌరవం దక్కుతుంది. 20,000 కడితే ప్రత్యేకమైన నంబరిస్తారు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలు పోయించుకోవడానికీ తియ్యవచ్చు, రోజూ వాడుకోకూడదు. అంటే మా నలభయ్యేళ్ల పద్మిని ఇప్పుడు చస్తే తుక్కు, ఇంకో పదేళ్లు బతికితే పురావస్తువు. ఎటొచ్చీ మా అమ్మని అరసవల్లి తీసుకెళ్లడానికి మాత్రం పనికిరాదు! 2023 అక్టోబరులో బొంబాయి వీధుల్లోంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకున్నప్పుడు పత్రికలన్నీ కన్నీళ్లు కార్చాయి. ఆ కన్నీళ్లలో ఒక్క చుక్కయినా ఓ గాస్కెట్టుగా మారితే ఎంత బాగుండేది!

కంపెనీలకి బాధ్యత నేర్పడం అసాధ్యమేమీ కాదు. యూరప్ లో 2021 నుంచి వాషింగ్ మిషన్లకి పదేళ్లు, ఫ్రిజ్ లకి ఏడేళ్లు, ఆ మోడల్ అమ్మడం ఆపేశాక కూడా, ముఖ్యమైన పార్టులు అందుబాటులో ఉంచి తీరాలి. మన దేశంలోనూ 2014లో పోటీ కమిషన్, విడిభాగాలు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది. వాళ్లు కోర్టులకెక్కారనుకోండి, అది వేరే కథ. 2022లో 'బాగుచేయించుకునే హక్కు' మీద కేంద్రం ఒక సంఘాన్ని కూడా వేసింది. హక్కనే మాట పుట్టింది, దానికింకా కాళ్లు రాలేదు.

నేను కోరేది పెద్ద వరమేం కాదు. ఏ వస్తువైనా చెయ్యడం మానేసినప్పుడు, ఇన్నేళ్లు పార్టులు ఇస్తామని కంపెనీ రాసివ్వాలి. ఇవ్వలేమంటే ఆ డ్రాయింగులు బయటపెట్టాలి. మన పక్కనే బుడితిలో కంచు కరిగించి పోతపోసే చేతులున్నాయి, బొబ్బిలిలో ఒక్క పనస దుంగలోంచి వీణ తొలిచే చేతులున్నాయి, ప్రతి ఊళ్లోనూ లేత్ మిషన్లున్నాయి. కొలత చేతికిస్తే తయారుచెయ్యడానికి కావలసినంతమంది ఉన్నారు. ధర ఎంతైనా పోస్తానని మాత్రం నేననడం లేదు. గాస్కెట్టుకి గాస్కెట్టు ధరే ఇస్తాను, అది కూడా బేరమాడి.