ఆ చుక్కలన్నీ పురుగులు కావు

సంపాదకులకు,

ఫెర్న్ ఆకు అడుగున గోధుమ చుక్కలు కనబడగానే మందు కొట్టాలని గతవారం మీ తోటపని శీర్షికలో రాశారు. అది సరికాదు. నడిమి ఈనెకు అటూ ఇటూ ఒకే ఎడంతో వరుస తీరిన చుక్కలు సిద్ధబీజాల గుంపులు. పువ్వూ గింజా లేని ఫెర్న్‌కు గింజల పని చేసేవి అవే. పొలుసు పురుగులు వరుస పాటించవు. ఆకు పైనా, కాడ మీదా అంటుకుంటాయి, గోటితో గీకితే పెంకులా ఊడతాయి. ఫెర్న్ స్కేల్ అనే పొలుసు పురుగులో ఆడవి గోధుమరంగు, మగవి కొబ్బరి తురుము చల్లినట్టు తెల్లన.

షామీర్‌పేట దారిలో కొన్న బోస్టన్ ఫెర్న్‌ను మేడ్చల్‌లో పెంచుతున్నాను. నిరుడు ఇదే పొరపాటుతో వేపనూనె చిక్కగా కలిపి కొట్టాను. మూడు రోజుల్లో రెమ్మలన్నీ మాడిపోయాయి, ఇప్పటికీ బాధే. ఈ ఆకు నూనెలనూ సబ్బునీళ్లనూ అంతగా తట్టుకోలేదు.

పొలుసు పురుగో, పిండినల్లో నిజంగా పడితే బాగా పట్టిన రెమ్మల్ని మొదలంటా కత్తిరించండి. మిగిలినచోట స్పిరిట్‌లో ముంచిన దూదిని పురుగు మీదే అద్దండి. గుడ్ల నుంచి పిల్లలు వస్తూనే ఉంటాయి కాబట్టి వారం వారం ఆకు తిప్పి చూడాలి. మందు తప్పదంటే ముందు ఒక్క రెమ్మ మీద కొట్టి వారం ఆగండి.

దయచేసి సవరణ వేయండి.

– ఒక పాఠకురాలు, మేడ్చల్