విరేచనాలకు బిళ్ల అడిగే ముందు...

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు రాత్రి విరేచనాలు పట్టుకుంటే తెల్లారేసరికి మెడికల్ షాపు ముందుంటారు. ‘మోషన్స్ ఆగడానికి ఏదైనా ఇవ్వండన్నా’ అంటారు. రెండు మందులు కలిపిన యాంటీబయాటిక్ బిళ్లలు నాలుగు కత్తిరించి చేతిలో పెడతారు. ఎల్బీనగర్ దాకా ఇదే తంతు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు కొని ఉంటారు.

దీన్ని వైద్యం అనలేం. నీళ్ల విరేచనాలకు రోటా, నోరో వంటి వైరస్‌లు కారణం కావచ్చు, ఈ-కొలై కావచ్చు, అరుదుగా కలరా కావచ్చు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. ఈ-కొలై వల్ల వచ్చేవి కూడా చాలావరకు కొద్దిరోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. రక్తం, జిగురు పడి జ్వరం ఉంటే షిగెల్లాను అనుమానించాలి. అప్పుడు మందు కావాలి, అదీ డాక్టర్ రాస్తేనే.

నీళ్ల విరేచనాల్లో క్రిమి ఏదైనా ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీరు, లవణాలు పోవడమే. కాబట్టి ముందు ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్‌ను మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో చిటికెడు కాదు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. ప్రమాణాల ప్రకారం లేని పానీయాలకు ఆ పేరు వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడింది మన నగరానికి చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోషే.

మూత్రం తగ్గినా, నాలుక ఎండినా, మత్తుగా పడి ఉన్నా ఆసుపత్రికి వెళ్లండి. హాస్టల్ నడిపేవారూ, ఆఫీసు గదిలో పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి. నీళ్ల ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగించారో పిల్లలు అడిగితే తేదీ చెప్పండి.