ఒంటికీ ఒక సిలబస్ ఉంది

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని మన బడి గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ పక్కనున్న గ్రౌండులో మాత్రం తుమ్మచెట్లు మొలుస్తుంటాయి. లెక్కలకు ఒక సిలబస్ ఉంది, సైన్సుకు ఒక సిలబస్ ఉంది. కూడికలు రానివాడికి ఎవరూ బీజగణితం చెప్పరు. ఆటల దగ్గరికి వచ్చేసరికి ఆ వరస ఏదీ ఉండదు. జోనల్ పోటీలు పదిహేను రోజులున్నాయనగా విజిల్ మోగుతుంది. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డాక అన్నలు బూట్లు కొనుక్కుంటారు. ఒంటికి కూడా ఒక సిలబస్ ఉందనీ, దాన్ని చివరి నెలలో బట్టీ పట్టడం కుదరదనీ, అది నేర్చుకోవడానికి హాస్టల్ కంటే అనువైన చోటు లేదనీ నా అభిప్రాయం.

ఆ సిలబస్‌లో మొదటి పాఠం కొద్దికొద్దిగా పెంచడం. గ్రీకుల పాత కథ ఒకటి చెబుతారు. మైలో అనే మల్లయోధుడు ఒక లేగదూడను రోజూ భుజాన వేసుకుని నడిచేవాడట. దూడ పెరిగిన కొద్దీ అతని బలమూ పెరిగింది. చివరికి ఎద్దునే మోశాడంటారు. కథలో అతిశయోక్తి ఉంటే ఉండనీ, అందులోని సూత్రం నిజం. అలవాటైన పని కంటే కొంచెం ఎక్కువ పని పడితేనే ఒళ్ళు బలపడుతుంది. ఆ కొంచెం మరీ ఎక్కువైతే బలపడదు, దెబ్బతింటుంది.

ఈ మాటకు రుజువు మన సంక్షేమ విద్యార్థుల్లోనే ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. అందరికీ శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటోనే గుర్తుంది. నేను మాత్రం ఆ ఫోటో వెనుక ఉన్న మెట్లను గుర్తు పెట్టుకోమంటాను. ముందు భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలిలో సాధన. ఎవరెస్టు లాంటి కొండ మీద కూడా ఎవరూ ఏకబిగిన పైకి పోరు. పై క్యాంపు దాకా ఎక్కి, మళ్ళీ కిందికి దిగి నిద్రపోయి, పలచని గాలికి ఒంటిని అలవాటు చేసుకుంటూ పోతారు. భువనగిరి గుట్ట లేకుండా ఎవరెస్టు లేదు.

ఇప్పుడు మన అన్నల సంగతి చూద్దాం. 2022లో తెలంగాణ పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. చుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు పడితే గట్టెక్కినట్టే. నెలల తరబడి క్రమంగా సాధన చేసినవాడికి ఇది అందని వేగం కాదు. కానీ మనవాళ్ళు నోటిఫికేషన్ దాకా ఆగి, మొదటి రోజే తారు రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతారు. ఊపిరి, గుండె కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకు, నరాలని మనం పిలిచే కండర బంధాలకు నెలలు కావాలి. దమ్ము వచ్చింది కదా అని దూరం పెంచుతారు, మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. నొప్పి మీద కూడా పరిగెత్తితే ఎముకలో సన్నని చీలిక వస్తుంది. అప్పుడు పరుగు పోతుంది, ఆ ఏడాది ఉద్యోగమూ పోతుంది. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు. వారానికి పదో వంతుకు మించి దూరం పెంచవద్దని చాలామంది శిక్షకులు చెబుతారు.

రెండో పాఠం విశ్రాంతి. కండ పరిగెత్తేటప్పుడు అలిసిపోతుంది, విశ్రాంతిలో కోలుకుని బలపడుతుంది. అందుకే ఒకరోజు గట్టిగా చేస్తే మరుసటి రోజు తేలికగా చేయాలి. వారానికి ఒకరోజు పూర్తిగా సెలవు ఇవ్వాలి. ఎదిగే పిల్లలకు రాత్రి ఎనిమిది గంటల నిద్రకు తగ్గకూడదు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున నాలుగున్నరకు బెల్లు ఉన్నచోట చదువూ ఎక్కదు, ఆటా రాదు.

మూడో పాఠం మానకుండా చేయడం. సంపాదించిన దమ్ము బ్యాంకులో దాచిన డబ్బు కాదు. రెండు మూడు వారాలు మానేస్తే తగ్గడం మొదలవుతుంది. వేసవి సెలవులకు ఇంటికి పోయి కదలకుండా కూర్చుంటే జూన్‌లో మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి. నిత్యం చేసేవాడి లాభం ఎంత మెల్లగా వస్తుందో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీని చూస్తే తెలుస్తుంది. 2022 మే నెలలో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు సాధించింది. 2023 ఆగస్టులో 12.78కి తెచ్చింది. పదిహేను నెలల కష్టానికి ఫలితం అర సెకను కూడా కాదు. కానీ ఆ కొద్దిపాటి తేడాతోనే 13 సెకన్లలోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది.

నాలుగో పాఠం ఆటకు తగ్గ సాధన, మనిషికి తగ్గ సాధన. కబడ్డీలో కూత 30 సెకన్లే. ఆ 30 సెకన్లలో ఎగరడం, తిరగడం, తోయడం, వెనక్కి దూకడం ఉంటాయి. కబడ్డీ జట్టును రోజూ నెమ్మదిగా గ్రౌండు చుట్టూ తిప్పితే దమ్ము వస్తుంది గానీ కూత గెలవదు. అలాగే ఐదో తరగతి పిల్లవాణ్ణీ పదో తరగతి పిల్లవాణ్ణీ ఒకే లైనులో నిలబెట్టి ఒకే రౌండ్లు తిప్పడం న్యాయం కాదు. చిన్నవాళ్ళకు ఆటలే సాధన. తొక్కుడు బిళ్ళ, కుందుడు, ఖోఖో చాలు.

మరి వీటికి పెద్ద సామగ్రి కావాలా? అక్కర్లేదు. 1930లలో స్వీడన్ దేశంలో ఫార్ట్‌లెక్ అనే పద్ధతి పుట్టింది. ఆ మాటకు అర్థం 'వేగంతో ఆట'. మన మట్టి రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు ఉంటాయి కదా. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి వేగంగా, తర్వాత రెండు స్తంభాలు నెమ్మదిగా పరిగెత్తండి. అదే ఫార్ట్‌లెక్. 1950లలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో సర్క్యూట్ శిక్షణ రూపుదిద్దుకుంది. మన వరండాలోనే ఎనిమిది చోట్లు గుర్తు పెట్టుకోవచ్చు. దండీలు, బైఠకీలు, తాడాట, మెట్లెక్కి దిగడం, కప్పగంతులు, ఇలా ఒక్కోచోట అర నిమిషం చేసి పక్కచోటుకు మారాలి. యాభై మంది ఉన్నా గుంపులుగా చేయవచ్చు. ముందు పది నిమిషాలు తేలికగా ఒళ్ళు వేడెక్కించాలి, చివర నెమ్మదిగా నడిచి కండరాలు సాగదీయాలి. తేలిక పరుగు రోజున పక్కవాడితో మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎండాకాలం పొద్దున్నే ముగించాలి, మధ్యమధ్య నీళ్ళు తాగాలి.

కొందరు పెద్దలు 'ఆడితే చదువు పాడవుతుంది' అంటారు. పాడుచేసేది క్రమం లేని ఆట. ఒక గంట ఆడినవాడు స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడడు, సమయం విలువ వాడికే ఎక్కువ తెలుస్తుంది. ఇంకొందరు 'హాస్టల్ తిండితో ఆటలా?' అంటారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. మెనూలో ఉన్న గుడ్డు, పప్పు, పాలు పళ్ళెంలోకి పూర్తిగా రావాలని అడగడం కూడా క్రీడా శిక్షణలో భాగమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. రక్తం తక్కువైన పిల్ల ఆయాసపడితే అది బద్ధకం కాదు. ముందు రక్త పరీక్ష చేయించాలి, బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానకుండా వేసుకునేలా చూడాలి, ఆ తర్వాతే పరుగు పెంచాలి.

ఈ వార్షికోత్సవ సందర్భంగా మూడు మాటలు కోరుతున్నాను. ఒకటి, సాయంత్రం ఒక గంట ఆట సమయం జట్టులోని పన్నెండు మందికే కాక హాస్టల్ అందరికీ కావాలి. బాలికల హాస్టళ్ళలో ఆ గంట గేటు తాళం వెనుక చిక్కుకోకూడదు. పూర్ణ కూడా ఆడపిల్లే. రెండు, పరుగును శిక్షగా వేయడం మానాలి. ఆలస్యంగా వచ్చినవాడికి పది రౌండ్లు, హోంవర్కు చేయనివాడికి వంద గుంజిళ్ళు అంటే పిల్లవాడు వ్యాయామాన్నే శత్రువుగా చూస్తాడు. పెద్దయ్యాక కూడా గ్రౌండు వైపు రాడు. మూడు, ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఏడాదికోసారి వచ్చి శాలువాలు కప్పించుకుని పోకుండా, సెలవుల్లో వారం రోజులు తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో గ్రౌండులో దిగాలి. ఒక స్టాప్‌వాచ్, రెండు బంతులు, పది తాళ్ళు తెస్తే చాలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనలో చాలామందికి తల్లిదండ్రులు ఇచ్చిన ఆస్తి ఈ ఒళ్ళొక్కటే. కూలి పనిలో వాళ్ళు తమ ఒళ్ళు అరగదీసుకుని మనల్ని ఇక్కడికి పంపారు. దాన్ని పాడు చేసుకోకుండా పదును పెట్టుకోవడం మన బాధ్యత. నోటిఫికేషన్ కోసం చూడకండి. రేపు సాయంత్రం ఐదు గంటలకు ఒక నోటుబుక్కు తీసుకుని గ్రౌండుకు రండి. ఎంత దూరం పరిగెత్తారో, ఎంతసేపు పట్టిందో తేదీ వేసి రాయండి. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ నోటుబుక్కే మీ ప్రోగ్రెస్ కార్డు.