ఐకమత్యం ఎవరికోసం?

"యుద్ధం వచ్చిందంటే అందరూ ఒక్కమాట మీద ఉండాలి, ప్రశ్నలు తర్వాత" అనే మాట మన క్యాంటీన్ చర్చల్లో తరచు వింటుంటాం. ఈ మాటను నేను ఒప్పుకోలేను. మిత్రులారా! అమెరికా మెక్సికోపై చేసిన యుద్ధాన్ని కాస్త పరిశీలించండి. సైన్సు విద్యార్థిని గనక అంకెలతోనే మొదలుపెడతాను.

మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. టెక్సాస్‌లో స్థిరపడిన అమెరికన్లు 1836లో దాన్నుంచి విడిపోయి, బానిసత్వాన్ని తమ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1845లో అమెరికా ఆ టెక్సాస్‌ను కలుపుకుంది. మరుసటి ఏడు అధ్యక్షుడు పోక్ తగాదాలో ఉన్న సరిహద్దుకు సైన్యాన్ని పంపాడు. కాల్పులు జరగ్గానే, మన నేలమీద మనవాళ్ళ రక్తం చిందిందన్నాడు. 1846 మే నెలలో ప్రతినిధుల సభలో యుద్ధానికి అనుకూలంగా 174 ఓట్లు, వ్యతిరేకంగా 14! ఉత్తరం, దక్షిణం ఒక్కటయ్యాయి.

మూడు నెలలు తిరక్కుండానే ఆ ఐకమత్యం బీటలువారింది. మెక్సికో నుంచి వచ్చే నేలలో బానిసత్వం ఉండరాదని పెన్సిల్వేనియా సభ్యుడు విల్మట్ ఆగస్టులో ఒక నిబంధన ప్రతిపాదించాడు. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్‌లో సాగలేదు. పార్టీలు మరిచి ఉత్తరాది ఒకవైపు, దక్షిణాది ఒకవైపు నిలిచారు. అలాగని ఉత్తరాది వాళ్ళందరినీ మహాత్ములనుకోనక్కర్లేదు. కొత్త నేల తెల్ల శ్రామికులకు దక్కాలన్నదే విల్మట్ వాదం. బానిసల గోడుగానీ, మెక్సికో రైతు గోడుగానీ పట్టినవాళ్ళు కొద్దిమందే.

మాది వ్యవసాయ కుటుంబం. పక్కవాడి పొలంలోకి గట్టు జరిపేటప్పుడు అన్నదమ్ములు ఒక్కటవడం, పంపకాల దగ్గర కర్రలు తీయడం పల్లెటూరి వాళ్ళకు కొత్తేం కాదు. ఆ ఒక్కటవడాన్ని ఐకమత్యం అందామా?

1848 సంధితో అమెరికాకు 5 లక్షల చదరపు మైళ్ళకు పైగా నేల దక్కింది. ఇచ్చింది కోటీ యాభై లక్షల డాలర్లు. 1850 రాజీలో కాలిఫోర్నియా బానిసలు లేని రాష్ట్రమైంది. దక్షిణాదిని శాంతింపజేయడానికి, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే కఠిన చట్టం వచ్చింది. రాజీ దొరలది, మూల్యం బానిసలది! అయినా తగాదా తీరలేదు. 1861లో మొదలైన అంతర్యుద్ధం 6 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది.

ఇక కాదన్నవాళ్ళ సంగతి. ఆ 14 మందిలో మాజీ అధ్యక్షుడు, వృద్ధుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒకరు. ఆ రక్తం చిందిన చోటేదో చూపించమని 1847లో లింకన్ నిలదీస్తే ఎగతాళి చేశారు. పన్ను కట్టక ఒక రాత్రి జైల్లో గడిపిన థోరో, బానిసత్వానికీ ఈ యుద్ధానికీ తోడ్పడనన్నాడు. ఆయన వ్యాసం తర్వాత మన గాంధీజీకి బలాన్నిచ్చింది. వీళ్ళా దేశాన్ని చీల్చింది?

అందుకే మన సంఘానికి నాదొక విన్నపం. ఇకమీదట ఏ తీర్మానానికైనా "ఏకగ్రీవం" అని రాసేముందు, కాదనేవాళ్ళున్నారా అని అడగండి. ఒక్కడున్నా సరే, వాడి మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.