శోభి మచ్చకు శాపం అంటగట్టకండి

వానాకాలంలో ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన కామాఠిపురా చాళ్లలో ఉతికిన బట్ట తొందరగా ఆరదు. ఇరుకు ఖోలీలో ఆ చెమ్మకు చెమట తోడైతే మెడ మీద, వీపు మీద శోభి మచ్చలు లేస్తాయి. నాగదోషమని ఒకరు, రక్తం చెడిందని ఇంకొకరు. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం సీమ విడిచి వచ్చి బొంబాయిలో కట్టడాలు లేపిన కామాఠీల పేరు మోసే పేట ఇది. బయటివాళ్లు మాత్రం ఈ పేట పేరు వినగానే ఆ మచ్చల్లో సుఖరోగం చూస్తారు. ఆడమనిషి అయితే ఆ నింద రెండింతలు.

శోభిని తెచ్చేది మలసీజియా అనే ఈస్టు. దాన్ని ఎవరూ అంటించక్కర్లేదు. దాదాపు పెద్దవాళ్లందరి చర్మం మీదా, పూజారి మీదా నాస్తికుడి మీదా, అది చర్మపు నూనె తింటూ కాపురముంటుంది. వేడీ తడీ కలిస్తే పోగులు సాగి రంగు కణాల పనికి అడ్డుపడుతుంది. ఈ మచ్చల్లో శిలీంధ్రాన్ని ఐక్‌స్టెట్ అనే వైద్యుడు 1846లోనే చూశాడు. మురికి అనుకుని రాయితో రుద్దితే, చెడ్డ క్రిములను అడ్డుకునే మంచి బ్యాక్టీరియాకు నష్టం, చర్మానికి పుండు.

మరి నాగదోషం పోవాలని కట్టే తాయెత్తుకు పేరెలా వస్తుంది? కీటోకొనజోల్‌తో ఈస్టు వారాల్లో అణుగుతుంది, రంగు నిండడానికి మాత్రం నెలలు పడుతుంది. మందు పనిచేయలేదని ఆ మధ్యలో తాయెత్తు కట్టిస్తారు. రంగు దానంతటదే వస్తుంది, దక్షిణ మాత్రం మంత్రగాడికి. సర్పి సంగతి ఇంకా ఘోరం. ఒంట్లో దాగిన ఆటలమ్మ వైరస్ తిరగబెట్టడమే సర్పి. పొక్కులు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో మంత్రమున్నా లేకున్నా ఎండుతాయి. కానీ వైరస్ మందు మొదటి మూడు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. కంటి దగ్గర లేస్తే చూపుకే ముప్పు. ఆ మూడు రోజులూ జాజు పూతలకూ మంత్రాలకూ పోతున్నాయి. నా కోపమంతా అక్కడే.

మందుల దుకాణంలో దొరికే స్టెరాయిడ్ ట్యూబు మీద నమ్మకమూ మూఢమే. గజకర్ణానికి, అంటే తామరకు, రాస్తే దురద చప్పున తగ్గుతుంది. కానీ ఒంటి కాపలా అణిగి తామర పాకిపోతుంది. 2018లో కేంద్రం ఇలాంటి పూతలు చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. టెర్బినాఫిన్ అనే తామర మందుకు తరచూ లొంగని ఒక తామర శిలీంధ్రానికి 2020లో పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మన దేశం పేరే దానికి అంటుకుంది.

జె.జె. ఆసుపత్రి ఇక్కడికి నడిచిపోయే దూరమే. మచ్చ మీది పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే శిలీంధ్రం కనబడుతుంది. తాయెత్తు కొనేముందు ఆ పరీక్ష అడగండి.