దూరం ఎవరిది?

దూరవిద్య అన్న మాట వింటే నాకు నవ్వొస్తది. దగ్గరి చదువు మాకెప్పుడిచ్చారు గనక?

బడి ఊళ్లో ఉంది. మా మాదిగపల్లె వాగు పక్కన. నడిస్తే పావుగంట. ఆ పావుగంట నడక ఏడో తరగతితో ఆగిపోయింది. అప్పు కింద మా అయ్య నన్ను ఒక కామందు దగ్గర పాలేరుగా పెట్టాడు. బళ్లో చివరి వరసలో కూర్చోబెట్టినోణ్ణి గొడ్లకొట్టంలో మాత్రం అందరికన్నా ముందు నిలబెట్టారు.

1982లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. దేశంలో అదే మొదటిది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరొచ్చన్నారు. రాశాను, చేరాను. పుస్తకాలు తెలుగులోనే ఉన్నాయి. పగలు దుక్కి, రాత్రి కిరసనాయిలు బుడ్డి. ఆదివారం టవున్లో క్లాసులు. గొడ్లకు ఆదివారం తెలవదు గదా! నా బదులు మా అమ్మ పోయి కొట్టం ఊడ్చేది. నా డిగ్రీలో సగం ఆమె చీపురుదే.

1991లో ఆ యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ ఏడే ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. చిన్నప్పుడు బడికి గోనెపట్ట మోసుకెళ్లి విడిగా కూర్చున్నాడాయన. ఆయన పేరు బోర్డు మీదికెక్కింది. గోనె మాత్రం మమ్మల్ని వదల్లేదు.

డిగ్రీ చేతికొచ్చాక ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి పోయాను. సర్టిఫికెట్ మీద పేరు చూసి, నా మొహం చూశాడు పెద్దాయన.

"ఓపెనా? రెగ్యులర్ కాదా?"

"చూసి రాసే చదువులే సార్" అని పక్కనాయన నవ్వాడు.

అయ్యా, నేను చూసి రాయలేదు. పేడ చేతులు కడుక్కొని, మీ పిల్లల్లాగే హాల్లో కూర్చుని రాశాను. నా బతుకులో రెగ్యులర్‌గా అందింది చాకిరీ ఒక్కటే. దానికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు! గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని 2022లో కూడా యూజీసీ మళ్లీ చెప్పింది. కాయితం మీద సమానమే. రాజ్యాంగంలో మేమూ సమానమే గదా!

మావోళ్లకూ ఒక మాట. ఓపెన్ చదువు మాకు ఆకలప్పుడు అందిన గంజి. తాగి బతికాను, దాన్ని తిట్టను. కానీ "మీకు ఓపెన్ ఉంది గదా" అని సర్కారు కాలేజీల్లో లెక్చరర్లను వెయ్యకపోతే, హాస్టళ్లను పాడుబెడితే ఊరుకోవద్దు. గంజి చూపించి అన్నం గిన్నె దాచేవోళ్లను అడగాల్సిందే.

నా బిడ్డను రెగ్యులర్ కాలేజీలోనే చేర్చాను. మొదటిరోజు ఇంటికొచ్చి, "ముందు బెంచీలో చోటుంది నాయనా, ఎవరూ జరగలేదు. ఎనక్కిపోయి కూర్చున్నా" అంది.

ముందు ఆ దూరం కొలవండి. నా డిగ్రీ సంగతి తర్వాత మాట్లాడదాం.